ఏ కెమెరాతో తీశారో ప్రకటనలోనే చెప్పాలి

2012 సెప్టెంబరులో నోకియా తన లూమియా 920 ఫోను కోసం ఒక వీడియో విడుదల చేసింది. సైకిలు తొక్కుతున్న అమ్మాయిని, పక్కనే మరో సైకిలు మీద వస్తున్న కుర్రాడు ఫోనుతో తీస్తుంటాడు. ఎన్ని కుదుపులున్నా దృశ్యం చెక్కుచెదరదు. కానీ దారి పక్కనున్న ఓ ట్రెయిలర్ కిటికీ అద్దంలో అసలు షూటింగ్ కనిపించిపోయింది: తెల్లటి వ్యాను, లైట్లు, పెద్ద కెమెరాతో ఒక మనిషి. నోకియా క్షమాపణ చెప్పుకుంది.

ఆ అద్దమే లేకపోతే?

2016లో హువావే పీ9 కెమెరా గొప్పతనం చాటుతూ పెట్టిన ఫొటోను కేనన్ 5డీ మార్క్ 3తో తీశారని ఫైలులో మిగిలిపోయిన వివరాలే చెప్పేశాయి. 2018లో శాంసంగ్ బ్రెజిల్ విభాగం, గెటీ ఇమేజెస్‌లో అమ్మకానికున్న ఫొటోలను గెలాక్సీ ఏ8 సెల్ఫీలుగా చూపింది. 2025లో నథింగ్ ఫోన్ 3 డెమో సెట్లలో ఆ ఫోనుతోనే తీశామని పెట్టిన ఫొటోలు బయట కొన్నవని తేలింది. తాత్కాలికంగా పెట్టినవాటిని మార్చడం మరిచిపోయామని కంపెనీ సంజాయిషీ ఇచ్చింది. వీటిని పట్టుకున్నది నిఘా సంస్థలు కావు, కళ్లు చురుగ్గా ఉన్న వినియోగదారులు, విలేకరులు.

పచ్చి అబద్ధాలైతే ఇలా ఎప్పుడో దొరుకుతాయి. డబ్బా మీది అంకెల మాయ అంతకంటే గడుసుది. 200 మెగాపిక్సెళ్లని ఊదరగొట్టిన గెలాక్సీ ఎస్23 అల్ట్రా, మామూలు సెట్టింగులో 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపి సుమారు 12 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తుంది. అందులో తప్పేం లేదు, తక్కువ వెలుతురులో అలా కలపడమే మేలు. కాకపోతే ఆ 12 హోర్డింగు మీద కనబడదు. సెన్సార్ ఎంత పెద్దదో అసలే కనబడదు. ఎకరం పొలాన్ని వంద ప్లాట్లు చేసినా, రెండొందలు చేసినా భూమి పెరగదు కదా. 2017లో గూగుల్ పిక్సెల్ 2 వెనకవైపు ఒకే ఒక్క 12 మెగాపిక్సెల్ కెమెరాతో వచ్చి, సాఫ్ట్‌వేర్ బలంతో మేటి ఫోన్ల సరసన నిలిచింది. మరోపక్క చవక ఫోన్లలో కెమెరాల లెక్క మూడుకో నాలుగుకో చేర్చడానికి 2 మెగాపిక్సెళ్ల మాక్రో, డెప్త్ కెమెరాలు తగిలిస్తూ వచ్చారు.

మన దగ్గర చట్టం లేక కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. గొప్ప ఏ భాషలో చెప్పుకుంటే షరతు కూడా ఆ భాషలోనే, అదే అక్షరాల్లో ఉండాలని 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాటికి ఫోన్ కెమెరాల గురించి ఒక స్పష్టమైన నిబంధన చేర్చాలి. ఫోనుతో తీసినట్టు చూపే ప్రతి ఫొటో, వీడియో మీద ఏ పరికరంతో తీశారో, స్టాండు, లైట్లు, అదనపు లెన్సు వాడారో లేదో రాయాలి. పెద్ద అంకె పక్కనే, అదే సైజులో, మామూలుగా వచ్చే ఫొటో మెగాపిక్సెళ్లూ సెన్సార్ పరిమాణమూ ఉండాలి. తెలుగు ప్రకటనలో ఇవన్నీ తెలుగులోనే.

ప్రకటన అన్నాక కాస్త అలంకారం తప్పదని కంపెనీలు అంటాయి. తప్పదు, నిజమే. 2023 అక్టోబరులో యాపిల్ తన కార్యక్రమాన్ని ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌తో చిత్రీకరించి, అందుకు వాడిన క్రేన్లు, లైట్లు, డ్రోన్లను తానే వీడియోలో చూపించింది. అమ్మకాలేమీ ఆగిపోలేదు.

నిబంధన వచ్చేదాకా, అనుమానం తగిలిన ప్రకటనను ఫొటో తీసి ఉంచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. షోరూంలో గోడ మీది బొమ్మ కాకుండా, డెమో ఫోనుతో అక్కడికక్కడే తీసిన ఫొటోను పెద్దది చేసి చూపమని అడగాలి.