తెల్లకాగితం మీద వేలిముద్ర వేయొద్దు

పాడేరు, సీతంపేట, భద్రాచలం, ఉట్నూరు గూడేల నుంచి క్రషర్లకీ, బిల్డింగ్ పనులకీ పోతున్న ప్రతి ఇంటివాళ్లూ ఇది చదవాలి. చదవడం రాని పెద్దలకు చదివి వినిపించండి.

పనిలో దెబ్బ తగిలితే ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. మేస్త్రి తీసుకెళ్లి ఆస్పత్రిలో పడేస్తాడు. మూడోనాడు పదో ఇరవయ్యో వేలు చేతిలో పెట్టి, "సేటు మంచోడు కాబట్టి ఇస్తున్నాడు, వేలిముద్ర వెయ్యి" అంటాడు. మనవాళ్లు దండం పెట్టి మరీ వేసేస్తారు.

ఆ దండం అక్కర్లేదు. పనిలో గాయపడితే యజమాని పరిహారం కట్టాలని 1923 నుంచీ చట్టం ఉంది. ఇప్పుడది 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. హక్కు మాత్రం పోలేదు.

లెక్క చూడండి. నెలకు 15 వేలు సంపాదించే 30 ఏళ్ల మనిషి పనిలో చనిపోతే, జీతంలో సగాన్ని ఆ వయసుకు చట్టం పెట్టిన 207.98 అనే అంకెతో గుణిస్తారు. 15,59,850 రూపాయలు! అదే మనిషికి బొటనవేలు తెగిపోతే 30 శాతం నష్టం కింద 5,61,546 రూపాయలు. ఏకలవ్యుడి వేలు ఊరికే పోయింది. మన వేలు ఊరికే పోనివ్వొద్దు.

"నువ్వు మేస్త్రి మనిషివి, నాకేం సంబంధం?" అంటాడు యజమాని. తన వ్యాపారం పనిని కాంట్రాక్టర్‌తో చేయించుకున్నా బాధ్యత యజమానిదే. "తాగి పడ్డాడు" అంటారు. మనిషి చనిపోయినా, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితికి వచ్చినా ఆ సాకు చెల్లదు. పరిహారం వదులుకున్నట్టు రాయించుకున్న కాగితమూ చెల్లదు. కాబట్టి ఇప్పటికే వేలిముద్ర వేసినవాళ్లు కూడా ఆశ వదులుకోకండి.

చేయాల్సింది ఇదీ. ఆస్పత్రి చీటీలో "పనిచేస్తుండగా గాయం" అని రాయించండి. పోలీసులకు చెప్పండి. పనిచోటు ఫోటోలు, తోటి కూలీల ఫోన్ నంబర్లు, కూలి డబ్బులు ఫోన్‌లో పడిన వివరాలు దాచుకోండి. యజమానికి రాతపూర్వకంగా తెలపండి. రెండేళ్లలోపు కార్మిక శాఖ కార్యాలయంలో క్లెయిమ్ వేయండి. పరాయి రాష్ట్రంలో దెబ్బ తగిలినా మీరు ఉండే ప్రాంతంలోనే వేసుకోవచ్చు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు మాత్రం దారి వేరు, వాళ్లు అక్కడే అడగాలి.

అయితే విరిగిన కాలితో కొండ దిగి జిల్లా కేంద్రానికి ఎన్నిసార్లు తిరగగలరు? అందుకే కార్మిక శాఖ అధికారి వారానికి ఒక రోజైనా ఐటీడీఏలో కూర్చుని క్లెయిములు తీసుకోవాలని అడుగుదాం. అప్పటిదాకా గాయపడినవాళ్లను ఒంటరిగా పంపకండి, ఊరి నుంచి ఇద్దరు తోడు వెళ్లండి.

పరిహారం సేటు వేసే బిచ్చం కాదు. మన నెత్తురుకి రావాల్సిన బాకీ.

జై ఆదివాసీ!