చెవులకి గంతలు కట్టలేం గానీ...

భువనగిరిలో నా దోస్తు ఒకడున్నాడు. "320 ఎంపీత్రీ అంటే ప్లాస్టిక్ పువ్వే. పాట వింటే ఫ్లాక్‌లనే వినాలె" అంటాడు. పేర్లు దాచి వినిపిస్తా, ఏది ఏదో చెప్పు అంటే మాత్రం "చెవులకు పరీక్షేంది బై" అని మాట మారుస్తాడు. ఇప్పుడు ముప్ఫై వేలు పెట్టి కొత్త డాక్ కొంటాడట!

పరీక్షే కావాలంటాను నేను. "నా కోడ్ ఫాస్ట్" అని ఎవరైనా అంటే నంబర్లు చూపించమంటాం కదా, చెవికెందుకీ మినహాయింపు? ఫూబార్2000లో ఏబీఎక్స్ ప్లగిన్ ఉంది. ఎక్స్ అనేది ఏ పాటో బీ పాటో మీరు చెప్పాలి. 16 సార్లలో గుడ్డిగా చెప్పినా సుమారు 8 తగుల్తాయి. 12, ఆపైన గుడ్డిగా తగిలే అవకాశం 4 శాతం లోపే. ఎంపీత్రీ మాత్రం అదే ఫ్లాక్ నుంచి మీరే చేసుకోండి, వాల్యూమ్ సమానంగా ఉంచండి. కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపించడం చెవికున్న జబ్బు.

2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు బోస్టన్‌లో ఎస్ఏసీడీని, దాన్నే సీడీ స్థాయికి దించిన సౌండునీ ఇలాగే వినిపించారు. 554 సార్లలో సరిగ్గా చెప్పింది 276. కొన్ని డిస్కుల మూలం అసలు హై రిజల్యూషనేనా అని తర్వాత విమర్శలొచ్చాయి, అవీ న్యాయమైనవే.

1957 నాటి మాయాబజార్ 2010లో డీటీఎస్‌తో వచ్చిందే, అక్కడ తేడా ఎవరికైనా వినిపిస్తుంది. ఏది బాగుందన్నదే ప్రశ్న. నా ఓటు పాత మోనోకే, అదీ వాల్యూమ్ సరిచేసి విన్నాకే.