భోషాణం వయసెంత?

బాలలూ! మా బాన్సువాడ వైపు పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు టేకు దూలాలూ, తలుపులూ, సందుగలూ అమ్మకానికి వస్తాయి. ఒక వ్యాపారి మీ నాన్నగారికి ఒక భోషాణం చూపించి, "ఇది 200 ఏళ్ళనాటిది" అన్నాడనుకోండి. నమ్మటమా, మానటమా?

పైపై నలుపు చూసి మోసపోకండి. రంగు పూసి, పొగ పట్టించి, గొలుసుతో కొట్టి కొత్త చెక్కకు ముసలితనం తెప్పించవచ్చు. కాని పెట్టెను కట్టిన తీరు దాచటం కష్టం. అందుచేత మూత ఎత్తి, లోపలా, అడుగునా, వెనకా చూడండి.

మొదట కోత. చేతి రంపం గీతలు తిన్నగా, ఎడం ఎడంగా వుంటాయి. గుండ్రటి యంత్రపు రంపం విల్లులా వంగిన గీతలు వదులుతుంది. 200 ఏళ్ళ కిందట పల్లె వడ్రంగికి ఆ యంత్రం ఎక్కడిది?

రెండవది అతుకు. మూలల్లో పావురం తోకలా విచ్చుకున్న పళ్ళు చూడండి. ఉలితో చెక్కినవైతే కొద్దిగా హెచ్చుతగ్గులుంటాయి. అన్నీ అచ్చు గుద్దినట్టుంటే అది యంత్రం పని.

మూడవది స్క్రూ. తలమీద కూడిక గుర్తులాంటి గాడి వున్న స్క్రూ 1930ల నుంచే విరివిగా వాడుకలోకి వచ్చింది.

నాలుగవది పురుగు రంధ్రం. టేకు చేవను పురుగు అంత సులువుగా ముట్టదు. చేవనిండా తిన్నటి రంధ్రాలుంటే అనుమానించండి. పురుగు వంకరటింకరగా తొలుస్తుంది.

అయితే తొందరపడి తీర్పు చెప్పకండి. పాత పెట్టెకు ఎవరో కొత్త స్క్రూ బిగించి వుండవచ్చు. పక్కనే పాత మేకు రంధ్రమూ, తుప్పు మరకా వుంటే అది మరమ్మతు. అలాగే, చేతిపని అయినంత మాత్రాన పాతది కాదు. ఇవాళ కూడా మన వడ్రంగులు ఉలి పడుతున్నారు గదా! ఆనవాళ్ళన్నీ ఒకే మాట చెప్పాలి.

పాత తీరున కొత్త పెట్టె చేయటం నేర్పే. దాన్ని పాతదని అమ్మటమే మోసం. ఈ గుర్తులు తెలియక కొనేవారు డబ్బు పోగొట్టుకుంటారు. అమ్మేవారు అమ్మమ్మనాటి అసలు సందుగను కట్టెల ధరకు ఇచ్చేస్తారు.

ఇక మీకొక పని. చెక్క ఏళ్ళ తరబడి ఎండితే నార పొడుగునా దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. మీ ఇంట్లో చపాతీలు వత్తే పాత గుండ్రటి పీటను దారంతో రెండు వైపులా కొలవండి. తేడా కనిపిస్తే, ఎందుకో అమ్మకు మీరే చెప్పండి.