సేవకు సంస్కృతి చూపు

రోగి సంస్కృతిని తెలుసుకోవడం నర్సింగ్‌లో విడదీయరాని భాగమని సిద్ధాంతరీత్యా నిలబెట్టిన పండితురాలు మాడెలిన్ లైనింజర్. 1925లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం సటన్‌లో పుట్టిన ఆమె, 1948లో డెన్వర్‌లో నర్సింగ్ డిప్లొమా పూర్తిచేశారు. 1950ల్లో సిన్సినాటీలో మానసిక సమస్యలున్న పిల్లలకు సేవ చేస్తూ, వేర్వేరు నేపథ్యాల పిల్లలు తిండి, నిద్ర, ఆట, ఓదార్పు విషయాల్లో వేర్వేరుగా స్పందించడం గమనించారు. ఆనాటి నర్సింగ్ పాఠాల్లో దీనికి సమాధానం దొరకలేదు.

ఆ వెలితే ఆమెను మానవశాస్త్రం వైపు నడిపించింది. న్యూగినియా తూర్పు కొండసీమల్లో గాడ్‌సప్ ప్రజల మధ్య నివసించి, వారి సంరక్షణ పద్ధతులను అధ్యయనం చేశారు. 1965లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. తర్వాత అక్కడా, యూటాలోనూ నర్సింగ్ డీన్‌గా పనిచేశారు. 1974లో ట్రాన్స్‌కల్చరల్ నర్సింగ్ సొసైటీని స్థాపించారు. 1989లో ఈ రంగానికి ప్రత్యేక పత్రిక మొదలైంది.

ఆమె సిద్ధాంతం నర్సు ముందు మూడు మార్గాలు ఉంచుతుంది. మేలుచేసే ఆచారాన్ని కాపాడడం మొదటిది. చికిత్సను ఆచారంతో సర్దుబాటు చేయడం రెండోది. ఉపవాసమున్న రోగికి వైద్యుల సలహాతో మందుల వేళలు మార్చడం ఇలాంటిదే. హానిచేసే అలవాటును రోగిని కలుపుకొని మార్చడం మూడోది.

సంస్కృతి తేడాలకే పరిమితమైతే అధికార అసమానతలు మరుగునపడతాయన్న విమర్శ తర్వాత వచ్చింది. న్యూజిలాండ్‌లో మావోరీ నర్సు ఇరిహపెటి రామ్స్‌డెన్ ‘సాంస్కృతిక భద్రత’ భావనతో ఆ కోణాన్ని ముందుకు తెచ్చారు. లైనింజర్ 2012లో కన్నుమూశారు.