ఆరో ఓడ ఎప్పుడు?

వానలు పడేలోపు జి.మాడుగుల చుట్టుపక్కల ఊళ్లలో అందరి కళ్లూ డీఆర్ డిపో మీదే ఉంటాయి. బియ్యం దిగాయా, పప్పు వచ్చిందా, నూనె ఉందా అని ఒకటే ఆరా. గెడ్డ పొంగి దారి తెగిందంటే మళ్లీ సరుకు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఎంత కష్టజీవి అయినా ఇంట్లో గింజలు అయిపోతే కొండ దిగాల్సిందే కదా.

సముద్రంలో యుద్ధనౌకల పరిస్థితీ అచ్చం ఇదే. క్షిపణులు, రాడార్లు ఎన్ని ఉన్నా డీజిల్ అయిపోతే రేవుకి తిరిగి రావాలి. మన విమానవాహక నౌకలు విక్రాంత్, విక్రమాదిత్య రెండూ చమురుతో నడిచేవే. అవి నెలల తరబడి సముద్రంలో ఉండాలంటే వెనకాల ఇంధనం, మంచినీళ్లు, మందుగుండు, తిండి సామాను మోసుకొచ్చే ఓడ ఉండాలి. రెండు ఓడలూ పక్కపక్కనే ఒకే వేగంతో నడుస్తుంటే, మధ్యలో తాళ్లు కట్టి గొట్టాలు వేసి చమురు ఎక్కిస్తారు. చెప్పడానికి తేలికే గానీ, అలల మీద అది ప్రాణాలతో చెలగాటం.

ఇలాంటి పెద్ద సరఫరా ఓడలు మన నౌకాదళానికి ఉన్నవి నాలుగే. ఐఎన్ఎస్ జ్యోతి రష్యాలో తయారై 1996లో చేరింది. ఐఎన్ఎస్ ఆదిత్య కోల్‌కతాలో కట్టారు. ఐఎన్ఎస్ దీపక్, ఐఎన్ఎస్ శక్తి ఇటలీలో తయారై 2011లో వచ్చాయి. ఈ నాలుగూ తూర్పు తీరాన్నీ, పడమటి తీరాన్నీ చూసుకోవాలి. వాటిలో ఒకటి మరమ్మతుకి వెళ్లిందంటే మిగతా మూడే.

అందుకే మరో ఐదు కావాలన్నారు. ఆ పని మన విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌కి ఇవ్వాలనుకున్నారు. అక్కడి నుంచి కథ నత్తనడక. మొదట దక్షిణ కొరియాతో కలిసి కడదామని 2017లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం రాసుకున్నాయి. బేరం కుదరలేదు. తర్వాత టర్కీ కంపెనీల డిజైన్ సాయం తీసుకుందామన్నారు. టర్కీ పాకిస్థాన్‌కి దగ్గరని దాన్నీ పక్కన పెట్టారు. చివరికి ఇక్కడి డిజైన్‌తోనే కట్టేలా 2023 ఆగస్టులో సంతకాలయ్యాయి. ఐదు ఓడలు, ఒక్కోటి 44,000 టన్నులు, మొత్తం దాదాపు రూ. 19,000 కోట్లు. బరువులో ఒక్కో ఓడా ఇంచుమించు మన విక్రాంత్ అంత. 2024 ఏప్రిల్‌లో మొదటి ఉక్కు పలక కోశారు. 2027 మధ్య నుంచి ఒక్కొక్కటీ అందించాలన్నది మాట.

మనం ఆలస్యాన్ని లెక్కపెట్టేది సంతకం పెట్టిన రోజు నుంచే. సంతకం కోసం పోయిన ఏళ్లని ఎవరూ లెక్కలో వేయరు. ఇల్లు కట్టే మేస్త్రీ నెల ఆలస్యం చేస్తే తిడతాం. ప్లాను ఖరారు చేయడానికి మనమే ఆరేళ్లు తీసుకున్నామన్నది మాత్రం గుర్తురాదు.

ఇంకో చిన్న సంగతి కూడా తెలుసుకోవాలి. ఓడని నీళ్లలోకి దించినప్పుడు కొబ్బరికాయ కొట్టి ఫొటోలు తీస్తారు. అది పూర్తయిన ఓడ కాదు, చాలావరకు డొల్ల. యంత్రాలు బిగించడం, మైళ్ల కొద్దీ కేబుళ్లు, పైపులు వేయడం, సముద్రంలో పరీక్షలు చేయడం చాలావరకు ఆ తర్వాతే. ఆదిత్యని 1993లో నీళ్లలోకి దించారు, దళంలో చేరింది 2000లో. విశాఖలోనే కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్‌ ఒప్పందం 2018లో అయింది. 2022లో నీళ్లలోకి దిగింది, 2025 జులైలో దళంలో చేరింది. మధ్యలో కోవిడ్ వచ్చిన మాట నిజమే. అయినా ఏడేళ్లు ఏడేళ్లే. కాబట్టి ఈసారి పేపర్లో కొబ్బరికాయ ఫొటో చూస్తే, దళంలో చేరే తేదీ ఎప్పుడని అడగండి.

ఇంతకీ తప్పు ఎవరిది? సింధియా వైపు వెళ్లినప్పుడల్లా నాకు ఈ ప్రశ్న వస్తుంది. వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ పేరే ఆ ప్రాంతానికి మిగిలింది. 1941లో రాజేంద్రప్రసాద్ ఆ యార్డుకి పునాదిరాయి వేశారు. 1948 మార్చిలో నెహ్రూ చేతుల మీదుగా 'జలఉష' నీళ్లలోకి దిగింది. స్వతంత్రం వచ్చి ఏడాది కాకముందే ఓడ కట్టిన ఊరు మనది. అదే యార్డుకి 2006లో రిఫిట్‌కి వచ్చిన జలాంతర్గామి సింధుకీర్తి 2015లో గానీ బయటికి వెళ్లలేదు. తొమ్మిదేళ్లు! 2010లో యార్డుని రక్షణశాఖ కిందికి మార్చినా పని ఒక్కసారిగా పరుగెత్తలేదు.

పనివాళ్లకి చేతకాక అనుకుంటే పొరపాటు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్. మా దగ్గర ఒక ప్రాజెక్టు అయిపోగానే టీముని చెదరగొడతారు. రెండేళ్ల తర్వాత అదే పని మళ్లీ వస్తే కోడు ఉంటుంది, దాన్ని ఎందుకలా రాశారో తెలిసిన మనిషి ఉండడు. మళ్లీ అ ఆల నుంచి మొదలు. ఓడల పనిలో ఈ నష్టం ఇంకా పెద్దది. ఒక ఆర్డరుకీ ఇంకో ఆర్డరుకీ మధ్య ఖాళీ వస్తే డిజైనర్లు వేరే కంపెనీలకి పోతారు, వెల్డర్లు గల్ఫ్‌కి పోతారు.

మా పెదనాన్న కొడుకే ఇందుకు సాక్ష్యం. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చేసి విశాఖలో ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాడు. మందపాటి ఉక్కు పలకల్ని అతికించడం చేతికి పట్టడానికి మూడేళ్లు పట్టింది. ఆ అతుకుని ఎక్స్‌రే తీసి చూస్తారట, వెంట్రుకంత లోపం ఉన్నా మళ్లీ కొట్టాలి. పని బాగా వచ్చిందనుకునే సమయానికి ఆ పనే అయిపోయింది. ఇప్పుడు పాడేరు, జి.మాడుగుల మధ్య జీపు నడుపుతున్నాడు. "మళ్లీ పిలిస్తే వెళ్తావా అన్నయ్యా?" అనడిగాను. "పిల్తే ఎల్తాను గానీ తమ్ముడూ, చెయ్యి తిరగాలి కదేటి, మళ్లీ ఏడాది పడుద్ది" అన్నాడు. ఇలాంటి ఏడాదులన్నీ కలిస్తేనే ఓడ ఆలస్యం.

మనం ఒక్కళ్లమే కాదు. కెనడాకి 2014లో ఒక సరఫరా ఓడ హవాయి దగ్గర ఇంజన్ గదిలో మంటలు చెలరేగి పనికిరాకుండా పోయింది. రెండోది తుప్పు పట్టి ఆగిపోయింది. కొత్తవి కడదామని 2004లోనే చెప్పినా చేతిలో ఒక్కటీ లేదు. అంత పెద్ద దేశం చిలీ ఓడని నలభై రోజులకి అరువు తెచ్చుకుంది. తర్వాత ఒక కంటైనర్ ఓడని సరఫరా ఓడగా మార్చి 2018 నుంచి నడుపుకుంది. కొత్తగా కట్టే రెండింట్లో మొదటిది నీళ్లలోకి దిగింది 2024 డిసెంబరులో. డిపో ఖాళీ అయ్యాక సరుకు కోసం పరిగెత్తితే ఇలాగే ఉంటుంది.

మన దగ్గర ఈసారి ఒక మంచి అవకాశం ఉంది. ఒకే రకం ఓడలు ఐదు. మొదటిదానిలో చేసిన తప్పు మూడోదానిలో చేయరు. పని భారం చూసి రెండు ఓడల పనిని చెన్నై దగ్గర కాట్టుపల్లిలోని ఎల్ అండ్ టీకి అప్పగించడం కూడా తెలివైన పనే. ఈ ప్రాజెక్టు వల్ల దాదాపు ఎనిమిదేళ్లలో 168.8 లక్షల పనిదినాలు వస్తాయని ప్రభుత్వమే చెప్పింది. అందులో మన ఏజెన్సీ ఐటీఐ పిల్లల వాటా ఎంతో మనం అడగాలి.

నా భయమల్లా ఐదో ఓడ తర్వాతి రోజు గురించే. అప్పటికి యార్డులో పని వచ్చినవాళ్లు వేలమంది ఉంటారు. వాళ్ల చేతికి తర్వాతి పని ఇవ్వాలంటే దాని డిజైన్, డబ్బు ఇప్పుడే తేలాలి. 2031లో మీటింగు పెట్టి తేల్చుకుందాం అంటే మళ్లీ ఖాళీ, మళ్లీ అ ఆలు.

పోయిన వారం జీపులో పాడేరు వెళ్తూ అన్నయ్యకి ఈ ఐదు ఓడల సంగతంతా చెప్పాను. గేరు మారుస్తూ మొత్తం విన్నాడు. "అయిదు సరే. ఆరోది ఎప్పుడంట?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఉన్నవాళ్లు తొందరగా చెబితే బాగుండు.