కప్పును చూసి సామానుకు వెల కట్టొద్దు

పూరిల్లు కాలిపోయాక నష్టం లెక్కగట్టడానికి వెళ్లే బీమా సర్వేయరుకు అక్కడ ఇల్లు కనిపించదు. నిట్రాడు మొదలు, నల్లబడ్డ మట్టిగోడలు, వాటి మధ్య బూడిద. లోపల ఏమేం ఉండేవో ఆ బూడిదలోనే వెతుక్కోవాలి. అల్యూమినియం 660 డిగ్రీల వేడికి కరిగిపోతుంది కాబట్టి అన్నం గిన్నె, మూత, టిఫిన్ డబ్బా నేలకు అతుక్కుని రేకులా పరుచుకుని ఉంటాయి. పక్కనే స్టీలు బిందె నీలిరంగు తేలి నిలబడే ఉంటుంది. బియ్యం బస్తా పైన బొగ్గయినా నడిమి గింజ తెల్లగానే కనబడుతుంది, కానీ ఆ పొగవాసనతో వండుకుని తినలేరు. ఫ్రిజ్ ఉండేదనడానికి కంప్రెసర్ ముద్ద, కుట్టుమిషన్ ఉండేదనడానికి పోత ఇనుము మిగులుతాయి. బట్టలు, పరుపులు, పిల్లల పుస్తకాలు ఉండేవనడానికి ఏమీ మిగలదు. ఇంటావిడ చెబుతుంటే రాసుకోవడమే.

ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ని కనుక చెబుతున్నాను. తాటాకింట్లో ఇప్పుడు ఇంటికన్నా సామాను ఖరీదు ఎక్కువ. స్లాబు ఇంట్లో లెక్క దీనికి తలకిందులు. అక్కడ కట్టడానికే లక్షలు పోస్తారు, సామాను అందులో చిన్న భాగం. కాలవగట్టు మీదో పోరంబోకు మీదో ఉన్న పాకకు పట్టా ఉండదు, పట్టా లేనిచోట ఇంటికి అప్పు పుట్టదు. కానీ టీవీ, ఫ్రిజ్, సెల్‌ఫోన్ వాయిదాల మీద వస్తాయి. అందుకే కప్పు తాటాకుగానే ఉండిపోయింది, దాని కింద సామాను పెరిగింది. టీవీ, ఫ్రిజ్, మిక్సీ, రెండు ఫ్యాన్లు, ఇద్దరి ఫోన్లు, కుట్టుమిషన్, మంచం, బీరువా, ఏడాది గింజలు, పెళ్లినాటి చీరలు, పిసరంత బంగారం... ఈ జాబితాకు వెల వేసి కూడితే లక్షన్నర దాటడం ఎంతసేపు? ఇల్లు కాలినా వాయిదాలు మాత్రం ఆగవు.

ఇదేదో మూలన మిగిలిన నాలుగు గుడిసెల ముచ్చట కాదు. 2011 జనగణన నాటికి దేశంలో సుమారు 15 శాతం కుటుంబాలు గడ్డి, ఆకు, వెదురు, కర్ర, మట్టి వంటి కప్పుల కింద ఉన్నాయి. ఆ తర్వాత చాలామంది స్లాబు వేసుకున్నారు, నిజమే. అయినా మన ఊళ్లలో వెనక్కి వెళ్లి చూడండి. ముందు కాలనీ ఇల్లు, వెనక తాటాకు వంటపాక, రెంటినీ కలుపుతూ కొబ్బరాకు పందిరి. నిప్పు పుట్టేది ఆ పాకలోనే.

ప్రభుత్వ సాయం సంగతి చూద్దాం. విపత్తు సహాయ నిధి కింద అగ్నిప్రమాదానికీ సాయం అందుతుంది. 2022-26 కాలానికి కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి, పక్కా అయినా కచ్చా అయినా, 1,20,000 రూపాయలు. గుడిసెకు 8,000. అదే పత్రంలో గుడిసె అంటే ఏమిటో కూడా రాశారు: కచ్చా ఇంటికన్నా తక్కువ స్థాయిది, ఆకు, మట్టి, ప్లాస్టిక్ పట్టాల వంటివాటితో వేసుకున్న తాత్కాలిక నివాసం. దాన్ని గుడిసెగా గుర్తించేది జిల్లా యంత్రాంగం. మట్టిగోడ మీద తాటాకు కప్పు వేసుకుని ముప్పై ఏళ్లుగా ఉంటున్న కుటుంబం పంచనామాలో ఏ గడిలో పడుతుంది? కచ్చా ఇల్లు అని రాస్తే లక్షా ఇరవై వేలు, గుడిసె అని రాస్తే ఎనిమిది వేలు. ఒక్క మాట మీద లక్షకు పైగా తేడా. పంచనామా రాసేటప్పుడు పక్కన నిలబడి ఆ మాట చూసుకోమని ఎవరూ చెప్పరు.

ఇక సామానుకు ఇచ్చేది బట్టలకు 2,500, గిన్నెలూ ఇతర సామానుకు 2,500. కుటుంబం మొత్తానికి ఐదు వేలు. ఆ రోజు వంట చేసుకోవడానికి, కట్టుకోవడానికి అది అక్కరకు వస్తుంది. పోయిన సామానుకు మాత్రం అది పరిహారం కాదు.

మరి బీమా? 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అన్న ఒకే నమూనా పాలసీని సాధారణ బీమా కంపెనీలు అమ్మాలని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించింది. మంచి పాలసీ. విలువ తక్కువగా రాయించారన్న సాకుతో క్లెయిము కోసే పాత పద్ధతి ఇందులో లేదు. కట్టడానికి బీమా చేస్తే ఆ మొత్తంలో 20 శాతం మేరకు, పది లక్షలకు మించకుండా, సామానుకు దానంతటదే రక్షణ వస్తుంది.

నన్ను కలవరపెడుతున్నది ఆ 20 శాతమే. యాభై లక్షల ఇంటికి పది లక్షల సామాను అంటే లెక్క సరిపోతుంది. అరవై వేల పాకకు? పన్నెండు వేలు. లక్షన్నర సామాను కాలినచోట ఫ్రిజ్ కూడా రాని మొత్తం. దీనికి దారి పాలసీలోనే ఉంది. సామాను జాబితా రాసి, విలువ చెప్పి, ఎక్కువ మొత్తానికి బీమా అడగవచ్చు. కట్టడాన్ని వదిలేసి ఒక్క సామానుకే కూడా తీసుకోవచ్చు. పూరింటివాళ్లకు అసలు కావలసింది అదే. అదే ఎవరూ చెప్పరు, ఎందుకంటే అంత చిన్న పాలసీ మీద ఏజెంటుకు దారిఖర్చులు కూడా గిట్టవు.

ఇంకో చిక్కుంది. ఫైర్ బీమాలో పాత టారిఫ్ రోజుల నుంచీ తాటాకు, గడ్డి, వెదురు, చెక్క పలకలు, టార్పాలిన్‌తో కట్టినవాటిని కచ్చా కట్టడాలుగా విడదీస్తారు. వాటికి ప్రీమియం ఎక్కువ, కొన్ని కంపెనీలు తీసుకోనే తీసుకోవు. పని అయిపోవాలని ఏజెంటు ‘పక్కా’ అన్నచోట టిక్కు పెడితే, క్లెయిము రోజున సర్వేయరు రాసే మొదటి వాక్యం కప్పు గురించే ఉంటుంది. నిజం దాచారని కంపెనీ చేతులెత్తేస్తుంది, కట్టిన ప్రీమియాలు వృథా. ఫారం మీద సంతకం పెట్టేముందు ‘కప్పు దేంతో అని రాశావు?’ అని అడిగి, చదివించుకోండి. వెనక పాక ఉంటే అదీ రాయించండి.

పాలసీ ఉన్నా దక్కనివి కొన్ని ఉన్నాయి. నోట్లు, నాణేలు, కాగితాలు, దస్తావేజులు, ప్రత్యేకంగా రాయిస్తే తప్ప, ఈ పాలసీలోకి రావు. నగలకు విలువ చెప్పి విడిగా తీసుకోవాలి. కానీ ట్రంకుపెట్టెలో ఉండేవి అవే: చీటీపాట డబ్బు, డ్వాక్రా కంతు, పట్టాదారు పాసు పుస్తకం, పదో తరగతి మార్కుల లిస్టు. డబ్బు ఖాతాలో, కాగితాల నకళ్లు డిజిలాకర్‌లో ఉంటేనే భద్రం. నోట్లు కాలితే ఆ ముక్కలను పారేయకండి, నలపకండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 50 రూపాయలు, అంతకు పైబడిన నోటులో 80 శాతానికి మించిన ముక్క మిగిలితే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం మధ్యనైతే సగం విలువ ఇస్తారు. ముట్టుకుంటే పొడి అయ్యేంతగా కాలినవాటిని రిజర్వు బ్యాంకు కార్యాలయంలోనే తీసుకుంటారు. బీరువా తెరిచే ఆత్రంలో అలాంటివి చేతుల్లోనే పొడి కావడం చూశాను. అగ్గి ఆరినా బీరువా చల్లబడేదాకా తలుపు తీయొద్దు. లోపలి బట్టలకు గాలి తగిలితే మళ్లీ అంటుకుంటాయి.

ప్రీమియం కట్టకుండానే చాలా పూరిళ్లకు ఒక బీమా ఇప్పటికే ఉంది. అది గ్యాసు కనెక్షన్‌తో వస్తుంది. చమురు కంపెనీలు తమ వినియోగదారులందరి కోసం తీసుకున్న పాలసీ అది. గ్యాసే అసలు కారణమైన ప్రమాదంలో మనిషి పోతే ఆరు లక్షలు, వైద్యానికి మనిషికి రెండు లక్షల దాకా, ఆస్తి నష్టానికి ఒక ప్రమాదానికి రెండు లక్షల దాకా ఇస్తారు. ప్రభుత్వమిచ్చే ఐదు వేల పక్కన ఈ రెండు లక్షలు పెట్టి చూడండి. అయితే ఆస్తి నష్టం కనెక్షన్ నమోదైన చిరునామాలో జరిగి ఉండాలి. పుట్టింటి చిరునామాతో తీసుకున్న ఉజ్వల కనెక్షన్ అత్తారింట్లో వెలుగుతుంటే, కాలవ ఇవతలి పాకకు మారినా పుస్తకంలో పాత ఊరే ఉంటే, ఆ రెండు లక్షలు చేజారుతాయి. ప్రమాదం జరిగిన వెంటనే డీలరుకు రాతపూర్వకంగా తెలపాలి. సిలిండరునూ రెగ్యులేటరునూ కదపకూడదు. అగ్నిమాపక శాఖ నివేదికలో కారణం స్పష్టంగా రాసి ఉందో లేదో చూసుకోవాలి.

పూరిళ్లకు బీమా అన్నది కొత్త ఆలోచనేమీ కాదు. 1988లో కేంద్రం గ్రామీణ పేదల కోసం గుడిసెల బీమా పథకం తెచ్చింది. అగ్గికి కాలితే గుడిసెకు వెయ్యి, సామానుకు ఐదు వందలు. ఆ పథకం నిలబడలేదు. ఇప్పుడు 20 రూపాయల సురక్షా బీమాతో మనిషికి ప్రమాద బీమా ఉంది. పంటకు ఉంది, గేదెకు ఉంది. అన్నిటికన్నా త్వరగా అంటుకునే కప్పు కింద ఉన్న సామానుకే అలాంటి పథకం లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలపై జీఎస్టీ తీసేశారు, ఇంటి బీమా మీద మాత్రం అలాగే ఉంచారు.

జీవిత, ఆరోగ్య, ప్రమాద బీమాలతోపాటు ఆస్తి బీమానూ కలిపి ‘బీమా విస్తార్’ పేరుతో గ్రామాలకు తెస్తామని ఐఆర్‌డీఏఐ ప్రతిపాదించింది. హైదరాబాద్‌లోనే ఉన్న ఆ సంస్థకు తెలుగువాళ్ల పూరిళ్లు ఎంత దూరం? ఆ పాలసీలో తాటాకు కప్పునూ గడ్డి కప్పునూ పేరు పెట్టి చేర్చాలి. సామాను మొత్తాన్ని కట్టడంలో ఇంత శాతమని కట్టేయకుండా విడిగా, కనీసం లక్ష రూపాయలకు నిర్ణయించాలి. మహిళా సంఘాల ద్వారా గుంపుగా ఇస్తే అమ్మకం ఖర్చు తగ్గుతుంది, సభ్యుల ఇళ్లలో ఏముందో సంఘానికి తెలుసు కాబట్టి దొంగ క్లెయిములూ తగ్గుతాయి.

ఆ పాలసీ వచ్చేదాకా వేసవి ఆగదు. 2016 ఏప్రిల్‌లో బీహార్ ప్రభుత్వం పల్లెల్లో పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా పొయ్యి వెలిగించవద్దని చెప్పాల్సి వచ్చింది. ఎండిన ఆకు మీద వడగాలి ఎంత పని చేస్తుందో అక్కడివాళ్లు అప్పటికే చూశారు. మన దగ్గరా మార్చి దాటితే అదే గాలి. ఈలోగా సంఘం సమావేశంలో ప్రతి సభ్యురాలి గ్యాసు పుస్తకం తెప్పించి చిరునామా చూడాలి. తప్పుంటే డీలరు దగ్గర మార్పించాలి. ఇంట్లో ఉన్న సామానునంతా ఫోనుతో ఫొటోలు తీసి, వేరే ఊళ్లో ఉన్న బంధువుకు పంపి ఉంచాలి. టీవీ, ఫ్రిజ్ బిల్లులను కూడా.