అలుపెరుగని చదువరి

అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము కలదు. అచ్చటి ఆచార్యుడు టామ్ మిచెల్, ఆయన సహచరులు 2010 జనవరిలో ఒక వింత విద్యార్థిని చదువునకు కూర్చుండబెట్టిరి. ఆ విద్యార్థి కంప్యూటరు. దాని పేరు ‘నెల్’. ఎన్నటికిని ముగియని భాషాభ్యాసమని ఆ పేరునకు అర్థము. రేయింబవళ్ళు ఇంటర్నెట్టులోని పుటలను చదువుట, వానినుండి లోకవిషయములు గ్రహించుట, నేర్చినదాని ఆధారముతో మరునాడు మరికొంత మెరుగుగా చదువుట దానికి విధించిన పని.

మొదట నగరము, క్రీడాకారుడు, సంస్థ మొదలగు వర్గములను చెప్పి, ఒక్కొక్కదానికి పది పదునైదు ఉదాహరణములు మాత్రమే చూపిరి. తెలిసిన నగరము పేరు ఎట్టి వాక్యములలో వచ్చుచున్నదో నెల్ కనిపెట్టును. అట్టి వాక్యములలోనే మరియొక పేరు కనబడినచో అదియు నగరము కావచ్చునని ఊహించును. ఇట్లు 67 దినములలో 2,42,000 పైచిలుకు విషయములను పోగుచేసెను. వానిలో నూటికి 74 సరియైనవని పరిశోధకుల అంచనా. మన పరీక్షలలోనైతే ప్రథమశ్రేణియే!

ఇక తప్పుల ముచ్చట. రొట్టెలు, కేకులు మొదలగు బేకరీ పదార్థములను గుర్తించుటలో నెల్ తొలుత ఆరితేరెను. ఇంగ్లీషున ‘కుకీ’ యనగా బిస్కత్తు వంటి తినుబండారము. మనము చూచిన వెబ్‌సైటులు గుర్తుకై మన కంప్యూటరులో విడిచిపోవు చిన్న దస్త్రములకును ఆ పేరే వాడుకలో నున్నది. పాపము, నెల్ ఈ రెండవ కుకీని సైతము బేకరీ సరుకుగా జమకట్టెను. ‘నా కుకీలను తుడిచివేసితిని’ అని ఒకచో చదివెను. ‘నా ఫైళ్ళను తుడిచివేసితిని’ అని వేరొకచో చదివెను. అంతట ఫైళ్ళును రొట్టెల సరసన చేరెను! ఇది బుద్ధిమాంద్యము కాదు. నేర్పిన పద్ధతినే పాటించి, ఒక తప్పును సాక్షిగా నిలిపి రెండవ తప్పును రుజువు చేసికొనెను. ఎంత శ్రద్ధగా చదివినదో అంత దూరము దారి తప్పెను.

ఆరు మాసములు దానిని దాని మానాన విడిచిన పరిశోధకులు, సుమారు నాలుగవ వంతు వర్గములలో చదువు వెనుకబడుట గమనించి, ఆ ఏటి జూను నుండి దిద్దుబాటునకు పూనుకొనిరి. రెండు వారములకొకసారి ఒక్కొక్క వర్గమునకు అయిదు నిమిషములు కేటాయించి, కొట్టవచ్చినట్లున్న తప్పులను చూపిరి. అంతే.

ఆ అయిదు నిమిషములను తేలికగా చూడరాదు. నెల్‌ను మించి చదివిన యంత్రములు నేడు మన విద్యార్థుల చేతి ఫోనులలో తెలుగుననే సమాధానములు చెప్పుచున్నవి. ఒప్పైనను తప్పైనను ఆ సమాధానమున తడబాటు కానరాదు. దానిని నోటుబుక్కులోని కెక్కించిన బాలుడు దానిమీదనే రేపటి పాఠమును కట్టుకొనును. తొలి తప్పును పట్టవలసినవాడు ఉపాధ్యాయుడు. అరువదిమంది గల తరగతిలో ఒక్కొక్కరికి పక్షమునకు అయిదు నిమిషముల చొప్పున ఎర్రసిరా కలము పట్టుటకు అయిదు గంటలు కావలెను. ఎందరో ఉపాధ్యాయులు నేడా గంటలను తమ నిద్రనుండి తీసికొనుచున్నారు. పిట్స్‌బర్గు యంత్రమునకు దొరికినపాటి తీరిక మన పిల్లలకును దొరకునట్లు, ఆ అయిదు గంటలకు టైముటేబులులోనే చోటు చూపవలసినదిగా విద్యాశాఖవారిని కోరుచున్నాము.